కంప్యూటర్ తెరకు ఒక పరదా

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం "కంప్యూటర్‌కు స్క్రీన్ సేవర్ రాసుకోవడం". జమాఖర్చులు, స్కాలర్‌షిప్పులు, పెళ్ళిళ్ళకు సాయం వంటి పెద్ద సంగతులు మాట్లాడుకున్నాక ఈ తెర మీద బొమ్మల గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. కనుక ముందుగా ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నానో మనవి చేస్తాను. అది నా తప్పుతో మొదలైంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైన దగ్గర నుంచి మన ఆఫీసుకు రాకపోకలు పెరిగిన సంగతి మీకు తెలుసు. అంతకు ముందు పెద్ద కాగితం పని ఏదైనా గుంటూరు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు మాచర్ల నుంచి, గురజాల నుంచి కలెక్టరాఫీసు పని మీద బస్సు దిగినవాళ్ళు, పనిలో పని అని మన దగ్గరికీ వచ్చి ఒక దరఖాస్తు ఇచ్చి పోతున్నారు. జూన్ నెల వస్తే పిల్లల ఫీజుల కోసం బెంచీ ఖాళీ ఉండదు. దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే ఎక్కిస్తున్నాం.

ఒక జూన్‌లో, మధ్యాహ్నం వేళ, కుర్చీలో ఉన్నది నేను. ఒక ఆమె దరఖాస్తు తెరిచి పెట్టాను. అందులో ఏముంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఇంటాయనకు ఏం జబ్బు, ఎవరెవరి దగ్గర అప్పుంది, నెలకు ఎంత వస్తుంది, ముందటేడు మనం ఎంత ఇచ్చాం, అన్నీ. ఇంతలో జొహర్ అజాన్ అయింది. లేచి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ తెర అట్లాగే వెలుగుతూ ఉంది. బెంచీ మీద కూర్చుంటే తెర సరిగ్గా కళ్ళకెదురుగా ఉంటుంది. అట్లా బల్ల వేయించింది కూడా నేనే, కిటికీ వెలుగు బాగుంటుందని.

సాయంత్రానికి ఆ ఇంటి అప్పుల లెక్క వీధిలో ఉంది. మర్నాడు ఆమె కొడుకు వచ్చాడు. పదో తరగతి పిల్లవాడు. "అమ్మీ కాగితాలు వెనక్కి తెమ్మంది చాచా" అన్నాడు. కారణం చెప్పలేదు, కోపం చూపలేదు. కాగితాలు తీసుకుని సలాం చెప్పి వెళ్ళిపోయాడు. వాడు మెట్లు దిగుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను.

ఎవరు చదివారు, ఎవరు చెప్పారు అని నేను ఆరా తీయలేదు. తెరిచి పెట్టి వెళ్ళినవాడు ఇక్కడే ఉండగా ఇంకొకళ్ళను అడగడం ఏం మర్యాద? చూడండి, పాత రోజుల్లో మనకు రిజిస్టరు ఉండేది. లేచేటప్పుడు రిజిస్టరు మూసి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. అది చేతికి అలవాటు. తెర మూయడం చేతికి అలవాటు కాలేదు. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. వినడానికేం, తెర మాత్రం బెంచీ వైపు తిప్పి పెట్టుకున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాను. స్క్రీన్ సేవర్ అనగా, కంప్యూటర్‌ను కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తనంతట తాను లేచి తెరంతా కప్పేసే చిన్న ప్రోగ్రాము. పేరులో సేవర్ అని ఉంది గాని, ఈ రోజుల్లో అది తెరను కాపాడే పని ఏమీ చేయడం లేదు. పూర్వం చేసేది. పాత టీవీ లాగా వెనక పెద్ద డొక్కు ఉన్న మానిటర్లు మీలో చాలామంది చూసి ఉంటారు. ఆ గాజు లోపలి వైపు ఫాస్ఫర్ అనే పదార్థం పూస్తారు. వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార వచ్చి తగిలితే అది వెలుగుతుంది. ఒకే బొమ్మ నెలల తరబడి ఒకే చోట వెలిగితే ఆ భాగం మిగతా దానికన్నా ముందు అరిగిపోతుంది. తర్వాత మానిటర్ ఆపేసినా ఆ గీతలు నీడ లాగా కనబడుతూనే ఉంటాయి. రోజంతా ఒకే పట్టిక చూపించే తెరలకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది.

దీనికి మందుగా జాన్ సోచా అనే అమెరికా ప్రోగ్రామర్ ఐ.బి.ఎం. పి.సి. కోసం ఒక చిన్న ప్రోగ్రాము రాసి, 1983 డిసెంబరులో "సాఫ్ట్‌టాక్" అనే పత్రికలో అచ్చు వేయించాడు. మూడు నిమిషాలు మీట ఏదీ నొక్కకపోతే తెర నల్లబడిపోతుంది. అంతే, బొమ్మ లేదు, రంగు లేదు. మూడు నిమిషాలను నాలుగు చేయాలన్నా ప్రోగ్రామును మార్చి మళ్ళీ తయారు చేసుకోవాల్సిందే. తరువాత 1989లో బర్కిలీ సిస్టమ్స్ అనే కంపెనీ "ఆఫ్టర్ డార్క్" అనేది తెచ్చింది. అందులో రొట్టెలు కాల్చే టోస్టర్లు రెక్కలు కట్టుకుని ఆకాశంలో ఎగురుతూ పోతాయి. దాన్ని జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు! 1999 మేలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో దారి పట్టారు. ఇంట్లో కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు వాళ్ళ స్క్రీన్ సేవర్ లేచి, రేడియో దూరదర్శిని పట్టిన సంకేతాలను జల్లెడ పట్టి, వేరే లోకాల్లో ఎవరైనా ఉన్నారేమో వెతికేది. 2020 మార్చి 31 నుంచి దానికి కొత్త పని పంపడం ఆపేశారు.

ఇప్పటి పలచటి ఎల్.సి.డి. మానిటర్లలో ఫాస్ఫర్ అరిగే బాధ లేదు. అందుకే కొత్త విండోస్‌లో స్క్రీన్ సేవర్ ముందుగా ఏదీ పెట్టి ఉండదు, మనమే వెతికి పెట్టుకోవాలి. ఇంకో అపోహ కూడా తీసేస్తాను. స్క్రీన్ సేవర్ వల్ల కరెంటు మిగలదు. బొమ్మ కదులుతున్నంతసేపూ తెర వెలుగుతూనే ఉంటుంది కదా. కరెంటు మిగలాలంటే పది నిమిషాల తర్వాత మానిటర్ ఆరిపోయేట్టు సెట్టింగ్స్‌లో పెట్టాలి. అది వేరే మీట. మరి దీనితో పని ఏమిటి అంటే, నాకు కావలసింది ఒక్కటే: నేను లేచి వెళ్ళినా నా వెనక ఎవరో ఆ కాగితం మూసెయ్యాలి.

దొరికే స్క్రీన్ సేవర్ ఏదో ఒకటి దింపుకోవచ్చు గదా అన్నారు మన కోశాధికారి గారు. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఇళ్ళలో కంప్యూటర్లు ఉన్నవాళ్ళు మరీను. విండోస్‌లో స్క్రీన్ సేవర్ ఫైలు పేరు చివర డాట్ ఎస్.సి.ఆర్. అని ఉంటుంది. అది బొమ్మ కాదు, అచ్చంగా ప్రోగ్రామే. మామూలు ప్రోగ్రాము పేరు చివర ఉండే ఇ.ఎక్స్.ఇ. తీసేసి ఎస్.సి.ఆర్. అని పెట్టినా అది అట్లాగే నడుస్తుంది. అంటే ప్రోగ్రాము చేయగల పాడు పనులన్నీ అదీ చేయగలదు. 2004లో ఈ-మెయిళ్ళ ద్వారా ప్రపంచమంతా పాకిన మైడూమ్ అనే పురుగు, ఇతర వేషాలతో పాటు ఈ ఎస్.సి.ఆర్. వేషంలోనూ వచ్చింది. విండోస్ ఫైలు పేరు చివరి తోక చూపించకుండా దాచిపెడుతుంది కాబట్టి "పెళ్ళి ఫోటో డాట్ జె.పి.జి. డాట్ ఎస్.సి.ఆర్." అని పంపితే మనకు "పెళ్ళి ఫోటో డాట్ జె.పి.జి." అని మాత్రమే కనబడుతుంది. నొక్కామా, పోయామే. జనం రహస్యాలున్న కంప్యూటర్‌లో ఊరూపేరూ తెలియని ఎస్.సి.ఆర్. ఫైలు ఎక్కించడం దొంగను తెచ్చి కాపలా పెట్టుకోవడమే.

కాబట్టి సొంతంగా రాద్దామనుకున్నాం. "అనుకున్నాం" అంటే నేనూ, మన ఎండాకాలం సెలవుల క్లాసుకు వచ్చే ఒక ఇంటర్ అమ్మాయీ. పేరు చెప్పొద్దంది కాబట్టి చెప్పను. నేను డిగ్రీలో చదివిన ప్రోగ్రామింగు తుప్పు పట్టిపోయింది. ఆ పిల్లకు తుప్పు లేదు. సాయంత్రం అసర్ నుంచి మగ్రిబ్ వరకు, వాళ్ళమ్మ గారు పక్కన కూర్చుని ఉల్లిపాయలో, బియ్యమో బాగుచేసుకుంటుంటే, ఈ పిల్ల పని చేసేది. మూడు రోజుల్లో అయిపోతుందనుకున్నాం. పదకొండు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తాను, మీ పిల్లలకు ఆ ఎనిమిది రోజులు మిగులుతాయి.

మొదటి మంచి వార్త ఏమిటంటే దీనికి ఏదీ కొనక్కర్లేదు. విండోస్ 10 గాని 11 గాని ఉన్న కంప్యూటర్‌లో సి డ్రైవ్, విండోస్ ఫోల్డరు, అందులో మైక్రోసాఫ్ట్ డాట్ నెట్, అందులో ఫ్రేమ్‌వర్క్ 64, అందులో వి4.0.30319 అనే ఫోల్డరు తెరిచి చూడండి. సి.ఎస్.సి. అనే ఫైలు ఉంటుంది. అది సి-షార్ప్ భాషకు కంపైలర్, అనగా మనం రాసిన మాటల్ని యంత్రం మాటల్లోకి మార్చేది. ఎన్నో ఇళ్ళలో, నెట్ సెంటర్లలో అది ఎవరూ పిలవక మూల కూర్చుని ఉంది. రాయడానికి నోట్‌ప్యాడ్ చాలు. ఒక్కటే షరతు: ఆ కంపైలర్‌కు 2012 నాటి సి-షార్ప్ 5 వరకే తెలుసు. కొత్త పుస్తకంలో చూసి రాస్తే తప్పులు చూపిస్తుంది. మా మొదటి రోజంతా అక్కడే పోయింది. అమ్మాయి రాసింది ఒప్పే, యంత్రం పాతది.

ప్రోగ్రాము చేసే పని చాలా చిన్నది. ఒక కిటికీ తెరవాలి. దానికి అంచులు, పైన పేరు పట్టీ ఉండకూడదు. తెర ఎంతుందో అంత పరచాలి, అన్నిటికన్నా పైన ఉండాలి, మౌసు బాణం దాచెయ్యాలి. రెండు మానిటర్లుంటే రెండు కిటికీలు కావాలి, లేకపోతే ఒకటి కప్పి రెండోది బయట పెట్టినట్టవుతుంది. ఆ కిటికీలో నల్ల రంగు నింపి, పైన ఒక వాక్యం రాయాలి. వాక్యం కదలాలి కాబట్టి లోపల ఒక గడియారం పెట్టి, ముప్పై మిల్లీ సెకన్లకొకసారి వాక్యాన్ని రెండు చుక్కలు పక్కకు జరపాలి. వాక్యం చివర తెర అంచుకు తగిలితే రెండును మైనస్ రెండు చెయ్యాలి, అంతే, వెనక్కి తిరుగుతుంది. మన ఆఫీసు తెర వెడల్పు 1366 చుక్కలు, వాక్యం వెడల్పు సుమారు 600 అనుకుందాం. మిగిలిన 766 చుక్కల దూరం పోవడానికి పదకొండు పన్నెండు సెకన్లు పడుతుంది. లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉంటే సరిచూడండి. మొదట మేము ఐదేసి చుక్కలు జరిపాం. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన "తల తిరుగుతోందయ్యా, ఆపండి" అన్నాడు. రెండుకు తగ్గించాం. కదిలేటప్పుడు తెర రెపరెపలాడితే, బొమ్మ ముందు చాటున గీసి తర్వాత ఒకేసారి చూపించే డబుల్ బఫర్ అనే ఏర్పాటును ఆన్ చేస్తే సరిపోతుంది.

విండోస్ ఈ ప్రోగ్రామును మూడు రకాలుగా పిలుస్తుంది. పేరు పక్కన ఒక గుర్తు తగిలించి పిలుస్తుంది. ఏటవాలు గీత, ఎస్ అంటే "తెరంతా కప్పు". ఏటవాలు గీత, సి అంటే "నీ సెట్టింగులు చూపించు". ఏటవాలు గీత, పి అంటే "సెట్టింగుల పెట్టెలో చిన్న మానిటర్ బొమ్మ ఉంది, దానిలో నమూనా చూపించు". మాకు పి సంగతి తెలియదు. జాబితాలో మా దాని పేరు ఎంచుకోగానే నమూనాకు బదులు తెరంతా కమ్మేసింది. మౌసు కదిపితే పోయేది, పెట్టె మీదికి వెళితే మళ్ళీ వచ్చేది. పి వస్తే ఏమీ చేయకుండా ఊరుకో అని రాశాక ఆ బాధ తీరింది. సి గుర్తు వెనక కొన్నిసార్లు కోలన్, ఒక పెద్ద అంకె అతుక్కుని వస్తాయి, కాబట్టి మొదటి రెండు అక్షరాలే చూడాలి. ఇది కూడా రాసి పెట్టుకోండి.

మౌసు కథ వేరే. మీట నొక్కినా, మౌసు కదిపినా స్క్రీన్ సేవర్ మూసుకోవాలి గదా. అమ్మాయి అట్లాగే రాసింది. నడిపితే మెరుపు మెరిసినట్టు వచ్చి పోయింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ అంతే. "చాచా, ఖుల్తేచ్ బంద్ హో జారా" అంది, తెరుచుకోగానే మూసుకుపోతోంది అని. రెండు సాయంత్రాలు ప్రతి అక్షరం చదివాం. ప్రోగ్రాములో తప్పు లేదు. సంగతి ఏమిటంటే, కొత్త కిటికీ తెరుచుకోగానే, ఎవరూ ముట్టుకోకపోయినా, విండోస్ "మౌసు ఇక్కడుంది" అని ఒక కబురు పంపుతుంది. దాన్ని ప్రోగ్రాము కదలికగా తీసుకుని మూసుకుపోతోంది. మందు సులభమే: మొదటి కబురు రాగానే ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత వచ్చే కబురులో చోటు ఐదు చుక్కలకన్నా ఎక్కువ జరిగితేనే మూసుకోవాలి.

అయితే మన ఊళ్ళో ఐదు చుక్కలు చాలలేదు. రెంటచింతల పక్కన పెట్టుకుని ఫ్యాను లేకుండా మే నెల గడిపేవాడు పల్నాటిలో ఎవడూ ఉండడు. మా బల్ల మీద టేబుల్ ఫ్యాను తిరుగుతుంటే బల్ల వణుకుతుంది, బల్లతో పాటు మౌసు వణుకుతుంది, పరదా దానంతట అదే తొలగిపోతుంది. ఐదును ఇరవై చేశాం. ఫ్యానును కూడా స్టూలు మీదికి మార్చాం. ఏ పుస్తకంలోనూ ఈ ఫ్యాను సంగతి రాసి లేదు.

తర్వాత తెలుగు. ఇక్కడే మన సోదరులకు ఎక్కువ అక్కర. తెర మీద రాయాల్సిన వాక్యాలు మొదట ఒక డి.టి.పి. సెంటర్లో టైపు చేయించి పెన్ డ్రైవ్‌లో తెచ్చాను, కరపత్రాలకు చేయించినట్టే. ప్రోగ్రాములో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, కొక్కేలు వచ్చాయి. కారణం: కరపత్రాల పనికి ఎప్పటి నుంచో వాడుతున్న పాత ఫాంట్లలో ఉన్నది లోపల తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరానికి తెలుగు చొక్కా తొడుగుతారు. ఆ ఫాంటు ఉన్నంతసేపే చొక్కా ఉంటుంది. యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు సొంతంగా 128 గదులు కేటాయించారు, క కు ఒక గది, ఖ కు ఒక గది, ఎక్కడికి పోయినా అది తెలుగే. కాబట్టి టైపు యూనికోడ్‌లోనే చేయాలి. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యు.ఐ. ఫాంటులో తెలుగు చక్కగా కనబడుతుంది. సేవ్ చేసేటప్పుడు యు.టి.ఎఫ్.-8 అని ఎంచుకోవాలి. ఆన్సీ అని ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది.

ఆ పిల్లకు ఇంకో సరదా పుట్టింది. అక్షరాలు ఒక్కొక్కటి టైపు అవుతున్నట్టు కనబడాలని. ఇంగ్లీషులో అది ఐదు నిమిషాల పని. తెలుగులో చూస్తే వింతగా వచ్చింది. "స్త్రీ" అనే మాట చూడండి. మన కంటికి ఒక్క అక్షరం. యంత్రం లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, అని ఆరు ముక్కలు. ఒక్కో ముక్క బయటికి వస్తుంటే ముందు "స", తర్వాత "స్", తర్వాత "స్త", ఇట్లా నత్తివాడు మాట్లాడినట్టు తెర మీద రూపం మారుతూ పోయింది. ఎంత తిప్పలు పడ్డా అది అందంగా కుదరలేదు. చివరికి మాట మాటగా చూపిద్దామన్నాను. ఒప్పుకోవడానికి ఆమెకు ఒక రోజు పట్టింది.

మనలో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బళ్ళో తెలుగు చదివినవాళ్ళం. పెద్దవాళ్ళలో కొందరికి ఉర్దూ లిపే వచ్చు. అందుకని రెండో వరుస ఉర్దూలో పెట్టాం. దానికి ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే ఫాంటు కావాలి. విండోస్ 10లో అది ముందుగా ఉండదు, సెట్టింగ్స్‌లో అరబిక్ లిపి అదనపు ఫాంట్లు అని కోరి తెచ్చుకోవాలి. కుడి నుంచి ఎడమకు రాయమని కూడా ప్రోగ్రాముకు చెప్పాలి, చెప్పకపోతే చుక్క వాక్యం ముందుకు వచ్చి కూర్చుంటుంది.

వాక్యాలను ప్రోగ్రాము లోపల కాక వేరే టెక్స్ట్ ఫైలులో పెట్టమన్నాను, రేపు మాట మార్చాలంటే ఆఫీసులో ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో మార్చుకోవచ్చని. ఇందులో ఒక చిక్కుంది. చేత్తో నడిపితే ఫైలు దొరికింది, విండోస్ తనంతట తాను లేపితే దొరకలేదు. ఎందుకంటే అప్పుడు ప్రోగ్రాము వేరే ఫోల్డరులో నిలబడి వెతుకుతుంది. డ్రైవ్ అక్షరం నుంచి మొదలుపెట్టి పూర్తి చిరునామా రాస్తే దొరికింది. చివరకు కంపైలర్‌కు "విండోల ప్రోగ్రాము" అని చెప్పి, తయారయ్యే ఫైలు పేరు చివర ఎస్.సి.ఆర్. అని పెట్టమన్నాం. ఆ ఫైలు మీద కుడి మీట నొక్కితే ఇన్‌స్టాల్ అని వస్తుంది. పని అయిపోయింది.

అయిపోయిందనుకున్నాం. మన కోశాధికారి గారు వచ్చి చూసి, మౌసు ఇలా కదిపారు. పరదా తొలగింది, కింద దరఖాస్తు! "దీని కోసమా పదకొండు రోజులు?" అన్నారు. నిజమే. పరదా ఒక్కటే చాలదు, గడియ కూడా కావాలి. ఆ గడియ మనం రాయకూడదు. సొంతంగా పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రాము రాస్తే దాన్ని దాటడానికి సందులు ఎన్నో ఉంటాయి. విండోస్‌కే ఆ పని అప్పగించాలి. స్క్రీన్ సేవర్ సెట్టింగుల పెట్టెలోనే, తిరిగి వచ్చినప్పుడు లాగాన్ తెర చూపించమనే చిన్న గడి ఉంటుంది. దానిలో టిక్కు పెట్టాలి. పక్కనే ఎన్ని నిమిషాలు ఆగాలో అంకె ఉంటుంది. ఒక నిమిషానికి తక్కువ పెట్టనివ్వదు.

ఒక నిమిషం పెట్టాను. రెండు రోజులకే పెద్దలు తిరగబడ్డారు. దరఖాస్తు నిదానంగా చదివే అలవాటున్న మన మాజీ అధ్యక్షుల వారు "చదువుతుండగానే మూసుకుంటే మాటిమాటికి పాస్‌వర్డ్ కొడుతూ కూర్చోవాలా?" అని కోప్పడ్డారు. దాంతో రెండు నిమిషాలు చేశాం. కాని రెండు నిమిషాలు ఒక పేజీ చదవడానికి ఎక్కువే. కనుక కుర్చీలో కూర్చునే ప్రతివారికీ నా మనవి: లేచేటప్పుడు విండోస్ బొమ్మ ఉన్న మీట, ఎల్ మీట కలిపి నొక్కండి. ఆ క్షణమే గడియ పడుతుంది. మరచిపోయినవాడి వెనక వచ్చి మూసేదే ఈ స్క్రీన్ సేవర్. ఇంకొకటి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అంటించిన వారెవరో నాకు తెలుసు. తీసేశాను. బల్ల కూడా గోడ వైపు తిప్పించాను. కిటికీ వెలుగు పోతే పోయింది.

ఒక మనిషి సొంత సంగతుల గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో కంప్యూటర్లలోని వ్యక్తిగత వివరాల రక్షణకు పార్లమెంటు చట్టమే చేసింది. మనకు ఆ వివరాలు ఇచ్చేవాళ్ళకు ఈ తీర్పులు తెలియవు. మన ముఖం చూసి ఇస్తున్నారు.

చివరగా, ఆ తెర మీద ఏం రాయాలన్న దాని గురించి. కమిటీలో ఇది చాలాసేపు నడిచింది. దాతల పేర్లు వరుసగా తిప్పుదామన్నారు ఒకరు. బాగానే ఉంటుంది, దాతలకు సంతోషం. కాని సాయం అడగడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్న మనిషి ముందు ఇచ్చినవాళ్ళ పేర్లు అదే పనిగా తిరుగుతుంటే ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. సాయం పొంది చదువుకున్న పిల్లల ఫోటోలు పెడదామన్నారు ఇంకొకరు. అప్పుడు నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను, ఈ సభా ముఖంగా వారికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మాట వెనక్కి తీసుకోవడం లేదు. సంఘం పేరు, చందా కట్టాల్సిన తేదీ పెడదామన్న సలహా కూడా వచ్చింది.

మేమంతా వాదించుకుంటుంటే ఆ అమ్మాయి అడిగింది, "చాచా, అది కనబడేది కుర్చీలో ఎవరూ లేనప్పుడే కదా? మరి అప్పుడు దాన్ని చూసేది ఎవరు?" అని. చూసేది బెంచీ మీద ఎదురుచూసే మనిషి. కమిటీ తీర్మానం రాకముందే ఆ పిల్ల ఫైలు తెరిచి తనకు తోచింది రాసేసింది. తెలుగులో ఒక వరుస, ఉర్దూలో ఒక వరుస. ఇప్పటికీ అదే ఉంది: "కూర్చోండి. ఇప్పుడే వస్తాం. కుండలో మంచినీళ్ళున్నాయి."

ఈ ప్రోగ్రాము, దాని మూలం రెండూ ఆఫీసులో ఉన్నాయి. మాచర్ల, గురజాల శాఖల వాళ్ళు ఎవరికి కావాలన్నా ఆదివారం అసర్ తర్వాత పెన్ డ్రైవ్ తెచ్చుకుంటే ఇస్తాం. నేర్చుకుంటామన్న పిల్లలను పంపండి, ఆడపిల్లలను తప్పకుండా పంపండి, తల్లులు కూర్చోవడానికి కుర్చీలు వేయించాం. కాగితాలు వెనక్కి తీసుకెళ్ళిన ఆ ఇంటికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి ఆ పిల్లవాడే తీసి మంచినీళ్ళు ఇచ్చాడు. దరఖాస్తు ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ జూన్‌లో మళ్ళీ వెళ్తాను.